అమ్మమ్మకు ఆదివారం లేదా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు. మూడేళ్ళ మనవడు, పది నెలల మనవరాలు వారానికి ఆరు రోజులు, పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి ఏడున్నర దాకా నా దగ్గరే ఉంటారు. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. నడుం నొప్పి, ఆకలి లేదు, ఊరికే కళ్ళనీళ్ళు వస్తాయి. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. షుగరుకు పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మతిమరుపు జబ్బు మొదలైందేమోనని భయంగా ఉంది. మనవల్ని చూసుకోవడం కూడా బరువేనా అంటారని ఎవరితోనూ అనలేదు.
- ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బరువే. ఒకసారి లెక్క కట్టి చూడండి. రోజుకు పదకొండున్నర గంటల చొప్పున వారానికి 69 గంటలు. ఫ్యాక్టరీలో 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. పాప ఎనిమిదిన్నర కిలోలుందనుకుందాం. రోజుకు ముప్పైసార్లు ఎత్తి దించితే రెండున్నర క్వింటాళ్ళ పైమాటే. మన గుంటూరు మిర్చి యార్డులో ఆరు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తినట్టు! ఈ వయసులో నడుం నొప్పి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అయితే మీరు రాసినదంతా అలసట ఖాతాలో వేయలేం. అలసటైతే రెండు మూడు రోజులు పూర్తిగా విశ్రాంతి దొరికితే నిద్ర, ఆకలి చాలావరకు తిరిగొస్తాయి. పిల్లలు ఇంట్లో లేని రోజు కూడా మూడింటికే మెలకువ వచ్చి, ఏ పని మీదా మనసు పోక, ఏడుపు రావడం రెండు వారాలకు మించి సాగితే డిప్రెషన్‌ను అనుమానించాలి. మీకిప్పటికే నాలుగు నెలలైంది కాబట్టి ఇంక ఆగి చూడొద్దు, ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మతిమరుపు సంగతి. డిప్రెషన్‌లో ఏకాగ్రత తగ్గి విషయం మెదడుకెక్కదు, ఎక్కనిది గుర్తుండదు. ఇలాంటివారు మీలాగే తామే కంగారుపడి చెప్పుకుంటారు. డిమెన్షియాలో (మతిమరుపు జబ్బులో) ఎక్కువగా ఇంట్లోవాళ్ళు ముందు పసిగడతారు, ఆ మనిషి మాత్రం నాకేం కాలేదంటారు. ఇది కచ్చితమైన గీటురాయి కాదు, డాక్టరు పరీక్షించి తేల్చాల్సిందే. అయినా ఒక చంకలో పాప, ఇంకో చేత్తో మనవడికి ముద్దలు పెడుతూ ఉంటే పాలు పొంగించడం ఏ వయసువాళ్ళైనా చేస్తారు.

మొదట జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12, సోడియం (రక్తంలో ఉప్పు), క్రియాటినిన్ (కిడ్నీలు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. దానివల్ల నీరసం, కాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు కూడా రావచ్చు. థైరాయిడ్ మందగించినా అంతే. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళండి, పేర్లు నోటికి చెప్పబోతే పొరపాటు పడతారు. ఆ తర్వాత సైకియాట్రిస్టు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

డిప్రెషన్‌కు మందు రాస్తే పెద్దవయసువాళ్ళకు చిన్న డోసుతో మొదలుపెడతారు. మొదటి వారం కడుపులో వికారం ఉండొచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరెనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే 'పని చేయలేదు' అని మానేయడం ఒక పొరపాటు. నెల తిరిగేసరికి 'తగ్గిపోయిందిగా' అని మానేయడం అంతకన్నా పెద్దది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మానడం డాక్టరు చెప్పినట్టు మెల్లగా జరగాలి. ఈ రకం మందులు పెద్దవాళ్ళలో సోడియం తగ్గించవచ్చు. మందు మొదలైన వారాల్లో తూలు, అయోమయం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి.

ఇక అమ్మాయితో మాట్లాడటం. 'నావల్ల కాదు' అంటే ఆ పిల్ల గుండె గుభేలుమంటుంది, మాట అక్కడే ఆగిపోతుంది. గంటల లెక్కతో చెప్పండి. మనవడు రోజూ మూడు గంటలు అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో వెళ్ళాలి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా సాయానికి ఒక మనిషి ఉండాలి. మధ్యాహ్నం గంటన్నర నిద్ర మీది, ఆ సమయంలో గిన్నెలు తోమకూడదు. ఆదివారంతో పాటు వారంలో ఇంకో పూట పిల్లల తల్లో తండ్రో ఇంట్లో ఉండాలి. అమ్మాయి ఆఫీసులో 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేస్తుంటే చట్టం ప్రకారం యాజమాన్యం క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలి, అడగమనండి. జీతమిచ్చి పెట్టుకున్న మనిషికి నాగా ఒప్పుకునే ఇళ్ళల్లోనే అమ్మమ్మ నాగా పెడితే వింతగా చూస్తారు.

2014లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో వారానికి ఒకరోజు మనవల్ని చూసుకునే స్త్రీలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారు, ఐదు రోజులు, అంతకన్నా ఎక్కువ చూసుకునేవాళ్ళు ఒక పరీక్షలో వెనకబడ్డారు. కారణం ఇదేనని దాంతో తేల్చేయలేం. కానీ మనవలు మంచి మందే అయినా దానికీ డోసుంటుందని అర్థమవుతోంది.

నడుం కోసం రెండు మార్పులు చేసుకోండి. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం మానేయండి. కూర్చోగలిగే వయసు కాబట్టి టబ్బులో కూర్చోబెట్టి, మీరు పీట మీద కూర్చుని పోయండి. డైపరు నేల మీద కాకుండా మంచం ఎత్తులో మార్చండి.

ప్రశ్న: నిద్ర పట్టక అల్ప్రాజోలం సగం మాత్ర రెండేళ్ళుగా వేసుకుంటున్నాను. ఆరు నెలల మనవణ్ణి పక్కలోనే పడుకోబెట్టుకుంటాను. పర్లేదా?
- ఒక నానమ్మ, తెనాలి

జవాబు: పర్లేదనలేం. ఆ మాత్ర మత్తులో బిడ్డ మీద చెయ్యి పడినా, దుప్పటి ముక్కుకు అడ్డం వచ్చినా మీకు తెలియదు. ఇవాళ రాత్రి నుంచే బాబు తల్లిదగ్గర, విడిగా ఉయ్యాల్లో పడుకోవాలి. మాత్రను మాత్రం ఇవాళే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు వస్తుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. రాత్రి బాత్రూముకు లేచి పడిపోయే పెద్దవాళ్ళలో ఈ మాత్రలు వాడేవారూ ఉంటారు, దారిలో చిన్న లైటు వేసి ఉంచండి. మాత్రల డబ్బా తాళం వేసిన బీరువాలో పెట్టండి, తలగడ కింద వద్దు. షుగరు మాత్రల్లో కొన్ని ఒక్కటి మింగినా పసివాడికి ప్రమాదమే.

ప్రశ్న: మా మామగారికి 71. అత్తయ్యగారు పోయి ఏడాదైంది. బాబును స్కూటరు మీద బడికి దింపి తెచ్చేది ఆయనే. రెండు నెలలుగా గడ్డం గీసుకోవడం లేదు, పార్కుకు నడకకు వెళ్ళడం మానేశారు, అన్నం సరిగా తినరు, బాబు మీద విసుక్కుంటున్నారు. 'నేను పోతే మీకు సుఖం' అంటున్నారు. మావారు మాటవరసకు అన్నార్లే అంటారు.
- ఒక కోడలు, పటమట, విజయవాడ

జవాబు: మాటవరస అనుకోవద్దు. మగవాళ్ళలో, అందులోనూ పెద్దవయసులో, డిప్రెషన్ తరచూ ఏడుపుకన్నా కోపంగా, మౌనంగా బయటపడుతుంది. మీవారు ఇవాళే పక్కన కూర్చుని 'నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునన్నా, ఎలాగో కూడా ఆలోచించానన్నా ఒంటరిగా వదలకుండా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేదన్నా సరే ఈ వారంలో సైకియాట్రిస్టుకు చూపించండి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు, పొలం ఉంటే పురుగుమందు డబ్బాలు ఇవాళే తీసేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

స్కూటరు మీద బాబును పంపడం ఆపండి. నిద్రలేనితనానికి కొత్త మందుల మగత తోడైతే బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నెట్టుకురావడం కష్టం. కానీ బడి పని పూర్తిగా లాగేసుకోకండి. రోజూ ఆయన గడప దాటడానికి మిగిలిన కారణం అదొక్కటే. కొన్నాళ్ళు మీలో ఒకరు తోడుగా ఆటోలో వెళ్ళండి. డాక్టరు చూసేదాకా బాబును ఆయన ఒక్కరి మీదే వదిలి వెళ్ళొద్దు. వినికిడి కూడా పరీక్ష చేయించండి. పిల్లవాడు చెప్పేది వినబడక విసుక్కునే తాతలు చాలామంది.

ప్రశ్న: డల్లాస్‌లో మనవరాలి దగ్గర ఆరు నెలలుండి నెల క్రితం గుంటూరు వచ్చాం. ఇల్లు బోసిగా ఉంది. మా ఆవిడ రోజంతా ఫోను పట్టుకునే కూర్చుంటోంది.
- ఒక తాతయ్య, లక్ష్మీపురం

జవాబు: ప్రయాణపు నిద్ర తేడా రెండు వారాల్లో సర్దుకుంటుంది, నెలైంది కాబట్టి అది కారణం కాకపోవచ్చు. ఆరు నెలలు గంట గంటకూ పని ఉన్న మనిషికి ఒక్కసారిగా ఏ పనీ లేకుండా పోయింది. ఎప్పుడొస్తుందో తెలియని కాల్ కోసం కాచుకుని కూర్చోవడమే ఆవిణ్ణి కుంగదీస్తోంది. వేళ ఖాయం చేసుకోండి. మనకు పొద్దున ఏడైతే డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం, చలికాలం ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. పది నిమిషాలు చాలు. 'ఏం తిన్నావమ్మా' అని అడిగితే చిన్నపిల్ల ఒక్క ముక్క చెప్పి పారిపోతుంది. ఒకే బొమ్మ ఇద్దరూ గీయడం, కథ సగంలో ఆపి రేపు చెప్తాననడం చేసి చూడండి, రేపటికి ఆ పిల్లే ఫోను అడుగుతుంది. కాల్ అయ్యాక ఇద్దరూ ఎండ ముదరకముందే స్టేడియం వైపు నడకకు బయల్దేరండి, ఫోను ఇంట్లో పెట్టి.