కొండల్లో ఆర్‌వీ

ప్రశ్న: 25 అడుగుల ఆర్‌వీ (పడక, వంటగది ఉండే ఇంటిలాంటి బండి) అద్దెకు తీసుకుని అమెరికాలో స్మోకీ పర్వతాల్లోని ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో 2 రాత్రులు ఉండబోతున్నాం. ఏం చూసుకోవాలి?

జవాబు: బండి పొడవుతో ఇబ్బంది లేదు. అక్కడ కరెంటు, నీళ్ల కనెక్షన్లు మాత్రం ఉండవు; ట్యాంకు నింపుకుని, బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేసుకుని వెళ్లండి. అసలు భయం దిగుడులోనే. 5,046 అడుగుల ఎత్తున్న న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ నుంచి దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. దిగుడు మొదలవకముందే 2వ గేరుకో, 3వ గేరుకో మార్చండి. వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు గట్టిగా నొక్కి, తగ్గగానే వదిలేయండి. రోరింగ్ ఫోర్క్ దారిలోకి ఆర్‌వీలను రానివ్వరు. బండిలో ఉన్నది గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే బండిని సమంగా నిలపాలి, చక్రాల కింద దిమ్మలు పెట్టయినా సరే. ఒరిగితే లోపలి ద్రవం సరిగా తిరగదు, పెరుగు పొద్దుటికే పులిసిపోతుంది! వంటచెరకు ఇంటి నుంచి తేకండి. వేడితో శుద్ధిచేసినట్టు ముద్ర ఉన్న కట్టలే కొనండి.