వానాకాలంలో మ్యాట్ వార్నిష్ కొడితే ట్యాంకు మోడల్ ఎందుకు తెల్లబడుతుంది?

హైదరాబాద్‌లో వానాకాలంలో స్కేల్ మోడల్ యుద్ధ ట్యాంకుపై లాకర్ రకం (త్వరగా ఆవిరయ్యే ద్రావణి ఉన్న) మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని రక్షణ పూత, స్ప్రే చేసినప్పుడు తెల్లని పొర ఏర్పడడానికి కారణం, గాలిలోని తేమ ఆరుతున్న వార్నిష్‌లో చిక్కుకుపోవడమే. లాకర్‌లోని ద్రావణి అతివేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది; ఆ చల్లదనానికి గాలిలోని తేమ సూక్ష్మమైన నీటి బిందువులుగా మారి, పొర గట్టిపడేలోపు బయటికి పోలేక, వెలుగును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. ఉదాహరణకు, ముసురు పట్టిన సాయంత్రం బాల్కనీలో 1/35 స్కేలు టీ-72 ట్యాంకు మోడల్‌కు వార్నిష్ దట్టంగా కొడితే, ఆలివ్ గ్రీన్ రంగు మీద, ముఖ్యంగా వార్నిష్ నిలిచిపోయే చక్రాల సందుల్లో, బూజు పట్టినట్టు తెలుపు తేలుతుంది.

దీన్ని చూసి చాలామంది రంగే పాడైందనుకుని అంతా గీకేస్తారు. ఎంతో శ్రమపడి చేసిన వెదరింగ్‌ను (మోడల్ వాడి పాతబడినట్టు కనిపించేలా వేసిన మరకలు, దుమ్ము రంగులను) అలా పోగొట్టుకోవలసిన అవసరం లేదు, ఎందుకంటే లోపం సాధారణంగా పైపొరలోనే ఉంటుంది. వాతావరణం పొడిగా ఉన్న రోజున, నెమ్మదిగా ఆరే లాకర్ థిన్నర్‌ను చాలా పలుచగా స్ప్రే చేస్తే ఆ పొర కొద్దిగా కరిగి, తేమ బయటపడి, తెలుపు చాలావరకు పోతుంది. థిన్నర్ ఎక్కువైతే కింది రంగులు కూడా కరుగుతాయి కాబట్టి ముందుగా మోడల్ అడుగుభాగంలో పరీక్షించి చూడాలి. సీసా అడుగున పేరుకున్న, మెరుపు తగ్గించే మ్యాటింగ్ పొడిని బాగా కలపకపోయినా తెలుపు రావచ్చు గానీ, అది ఏ కాలంలోనైనా వస్తుంది, దానికి తేమతో సంబంధం లేదు.