ఏడాది ప్యాకేజీ సరే, పదమూడో నెల ఎవరు కడతారు?

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. డాక్టర్ బరువు తగ్గడానికి మౌంజారో ఇంజెక్షన్ రాశారు. ఒక క్లినిక్‌లో ఏడాది ప్యాకేజీ రూ.2.10 లక్షలు, వడ్డీ లేకుండా నెలకు రూ.17,500 ఈఎంఐ అంటున్నారు. రూ.5,000 అడ్వాన్సు కట్టాను. నా జీతం చేతికి రూ.72,000 వస్తుంది. మావారికి బైక్ స్పేర్ పార్టుల దుకాణం మీద సగటున రూ.20,000 మిగులుతాయి. ఇంటి రుణం వాయిదా రూ.24,500, ఇంటి ఖర్చులు రూ.38,000, బాబు స్కూలుకు రూ.6,000, చిట్టీకి రూ.5,000, టర్మ్ పాలసీలకు రూ.2,500, అత్తయ్యగారికి పంపేది రూ.5,000. బ్యాంకులో రూ.40,000 ఉన్నాయి. చిట్టీ రూ.2 లక్షలది, 40 నెలలు. 22 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. బరువు తగ్గితే ప్రీమియం కూడా తగ్గుతుందని సొంత పాలసీ వాయిదా వేశాం. ఈఎంఐకి వెళ్లాలా, చిట్టీ పాడి కట్టాలా, బంగారం తాకట్టు పెట్టాలా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన మూడు దారులూ అప్పు ఎలా తేవాలనే. ఈ ఖర్చుకు అసలు అప్పు చేయవచ్చా అని మాత్రం అడగలేదు. ఈ ఇంజెక్షన్ల గురించి నాకు వస్తున్న ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటున్నాయి. దీన్ని అందరూ ఏడాదిలో ముగిసిపోయే కోర్సు అనుకుంటున్నారు, ఏడాదికి అప్పు దొరికితే చాలనుకుంటున్నారు. మీ బీపీ మాత్రను పన్నెండు నెలలు వాడి మానేద్దామని మీరెప్పుడూ అనుకోలేదు కదా? దీనికీ అదే లెక్క.

మౌంజారోలో ఉండే మందు టిర్జెపటైడ్. దాని మీద సర్మౌంట్-4 అనే అధ్యయనం జరిగింది. అందులో పాల్గొన్నవారు 36 వారాలు మందు వాడి సగటున 20.9 శాతం బరువు తగ్గారు. అక్కడి నుంచి కొందరికి మందు ఆపి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాతి ఏడాదిలో వాళ్లు సగటున 14 శాతం మళ్లీ పెరిగారు. వాడుతూ ఉన్నవాళ్లు ఇంకో 5.5 శాతం తగ్గారు. మందు పనిచేస్తుంది, వాడినంత కాలం. కాబట్టి అది మీకు అవసరమా అన్నది డాక్టర్ తేల్చాలి. అవసరమైతే ఎన్నేళ్లు, ఏ మోతాదులో, ఆపాల్సి వస్తే ఎలా ఆపాలి అన్నవి కూడా మొదటి సూదికి ముందే ఆయన్ను అడగండి. ఆ జవాబులు లేకుండా బడ్జెట్ వేయలేం.

ఇప్పుడు ప్యాకేజీ సంగతి. 2025 మార్చిలో ఈ మందు మన దేశంలోకి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ (ఒక మోతాదు ఉండే చిన్న సీసా) ధర రూ.4,375. వారానికి ఒకటి చొప్పున నాలుగు వారాలకు రూ.17,500. మీ ఈఎంఐ సరిగ్గా అంతే ఉంది, గమనించారా? మొదటి నాలుగు వారాలు వాడేది 2.5 మిల్లీగ్రాములు. దాని ధర అప్పట్లోనే రూ.3,500, అంటే నెలకు రూ.14,000. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఇక ప్యాకేజీలో మీకు తగ్గించింది ఏమిటి? నెలకు నాలుగు చొప్పున పన్నెండు నెలలకు 48 ఇంజెక్షన్లే వస్తాయి, ఏడాదికి 52 వారాలు. మిగతా నాలుగింటికి మళ్లీ పర్సు తీయాలి. డాక్టర్ మోతాదును 7.5కో 10కో పెంచితే ఆ తేడా ఎవరు భరిస్తారో కాగితం మీద ఉందా? వాంతులు, విరేచనాలు తట్టుకోలేక మూడో నెలలో ఆపేస్తే మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తారా? కడుపుకు సంబంధించిన ఈ ఇబ్బందులు ఈ మందులతో మామూలే. కొందరు అందువల్లే మానేస్తారు. మీరు మానేసినా ఈఎంఐ ఆగదు, ఎందుకంటే అప్పు ఇచ్చింది క్లినిక్ కాదు, బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో. క్లినిక్‌తో మీ తగాదా ఏదైనా, అప్పు ఇచ్చినవాళ్లకు వాయిదా కట్టాల్సిందే.

‘వడ్డీ లేని ఈఎంఐ’ మాట వింటేనే నాకు చిరాకు. ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. కార్డు బిల్లు ఒక్క నెల పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం, అంతకు పైన కూడా వడ్డీ మొదలవుతుంది. ఏడాదికి అది నలభై శాతం పైమాటే. మీ విషయంలో ఆ నెల రాకుండా ఉండదు. మీ ఇంటి ఆదాయం రూ.92,000, కట్టుబడి ఖర్చులు రూ.81,000. మిగిలేది రూ.11,000, వాయిదా రూ.17,500. నెలనెలా రూ.6,500 తక్కువ. బ్యాంకులో ఉన్న రూ.40,000 ఆరు నెలలకు ఊడ్చుకుపోతాయి. ఏడో నెలలో ఏం చేస్తారు? దుకాణం మందగించిన నెలల్ని నేనింకా లెక్కలోకి తీసుకోలేదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ రూ.40,000. నెలకు రూ.81,000 నడవాల్సిన ఇంట్లో అది పదిహేను రోజుల డబ్బు. మీ ఉద్యోగం పోతే జీతంతో పాటు ఆఫీసు బీమా కూడా అదే రోజు పోతుంది. ఇంటి రుణం వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే రూ.2.43 లక్షలు, ఎవరూ ముట్టుకోని డిపాజిట్‌లో ఉండాలి. ఆరు నెలలది ఉంటే మరీ మంచిది. అది లేకుండా అప్పు మీద ఏ చికిత్స మొదలుపెట్టినా, చేతిలో డబ్బు ఆగిన రోజే చికిత్సా ఆగుతుంది. తగ్గిన బరువు తిరిగి వస్తుంది, అప్పు మిగులుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, ముందు అత్యవసర నిధి, సూది తర్వాత.

చిట్టీ పాడండి, కానీ క్లినిక్ కోసం కాదు. సగం దాటిన చిట్టీలో పాటకు వదులుకోవాల్సిన మొత్తం తగ్గుతూ వస్తుంది. కమీషన్ పోను రూ.1.80 లక్షల పైన చేతికొచ్చే నెల చూసి పాడండి, వచ్చింది వచ్చినట్టు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. బ్యాంకులో ఉన్నదానితో కలిపితే దాదాపు మూడు నెలల నిధి అవుతుంది. పాడిన చిట్టీ కూడా అప్పే, మిగిలిన 18 వాయిదాలకు జామీను అడుగుతారు. అయితే ఆ వాయిదా మీ బడ్జెట్‌లో ఇప్పటికే ఉంది, డబ్బు మీ పేరు మీదే ఉంటుంది. చిట్టీ తీరాక ఆ రూ.5,000 కూడా నిధిలోకే వెళ్లాలి. బంగారం జోలికి వెళ్లకండి.

బరువు తగ్గాక పాలసీ అన్నారు. ఇది రెండో తప్పు. ఆరోగ్య బీమాలో బీపీ లాంటి ముందున్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. పాలసీ తీసుకున్న రోజు నుంచే ఆ గడియారం నడుస్తుంది, వాయిదా వేసినన్ని నెలలూ మీకే నష్టం. ఇంకో సంగతి కూడా ఉంది. వేగంగా బరువు తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఈ మందుల హెచ్చరికల్లోనూ అది ఉంది. ఆ రాళ్ల ఆపరేషన్ చాలా పాలసీల్లో రెండేళ్ల నిరీక్షణ జాబితాలో ఉంటుంది. ముందు ఇంజెక్షన్, తర్వాత పాలసీ అనుకుంటే ఆ రెండేళ్లూ ఆపరేషన్ ఖర్చు మీ జేబులోంచే పోవచ్చు. అందుకే ఇప్పుడే కుటుంబమంతటికీ కలిపి వాడుకునే రూ.10 లక్షల ఫ్లోటర్ పాలసీకి దరఖాస్తు చేయండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై ఇప్పుడు జీఎస్టీ లేదు. బరువు, బీపీ, డాక్టర్ రాసిన ఇంజెక్షన్, మూడూ దాచకుండా రాయండి. ప్రీమియం కొంచెం పెంచితే పెంచనివ్వండి, దాచినందుకు క్లెయిమ్ తిరస్కరిస్తే పోయేది లక్షల్లో ఉంటుంది. కొంత ఖర్చు దాటాకే చెల్లించే సూపర్ టాప్-అప్ పాలసీ చవకే, కానీ ఉద్యోగం పోతే కింది మూడు లక్షలు మీ నెత్తినే పడతాయి.

ఇంజెక్షన్ ఖర్చును బీమా ఇస్తుందనే ఆశ మాత్రం పెట్టుకోకండి. ఆసుపత్రిలో చేరకుండా దుకాణంలో కొనే మందు ఇది. స్థూలకాయ శస్త్రచికిత్సకైనా ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక) 40, లేదా తీవ్ర జబ్బులుంటే 35 ఉండాలి. మీది 34.4.

అయితే చికిత్స వదిలేయాలా? అక్కర్లేదు. మిగిలే రూ.11,000లో బీమాకు నెలకు రూ.2,500 ఇప్పటి నుంచే పక్కన పెట్టండి. నిధి సిద్ధమయ్యాక రూ.8,500 వరకు చికిత్సకు వాడుకోవచ్చు. డాక్టర్ ఫీజులు, రక్త పరీక్షలు అందులోనే. ఆ డబ్బులో ఇమిడే మందు ఉందా అని డాక్టర్‌నే అడగండి. ఇదే కోవకు చెందిన సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంట్ 2026 మార్చితో ముగిసింది, దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. పోటీ పెరిగే మందుల కోసం ఏడాది ధరకు ఇప్పుడే అప్పు రాసివ్వడం ఏం తెలివి? కాకపోతే రెండూ వేర్వేరు మందులు, మోతాదులూ వేరు. ఒకదాని బదులు ఇంకొకటి మీ అంతట మీరు కొనుక్కోకండి. ఏది వాడినా నెలకు సరిపడా మాత్రమే, బిల్లుతో, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మందుల దుకాణంలో కొనండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఆ మాట డాక్టర్‌కు ఇప్పుడే చెప్పండి, గర్భానికి ముందే ఈ మందులు ఆపాలి.

క్లినిక్‌కు ఈ వారమే ఈమెయిల్ పెట్టండి. ఈఎంఐ పత్రాల మీద ఇంకా సంతకం చేయలేదనీ, ప్యాకేజీ వద్దనీ, రూ.5,000 తిరిగి ఇవ్వాలనీ రాయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. కేవైసీ పేరుతో ఆధార్, పాన్ నకళ్లు ఇచ్చి ఉంటే, మీ పేరు మీద రుణం ఏదైనా మంజూరైందేమో పది రోజుల తర్వాత క్రెడిట్ రిపోర్టులో చూసుకోండి. అడ్వాన్సు వెనక్కి ఇవ్వకపోయినా సరే, దాని కోసం ప్యాకేజీలో చేరకండి.