రక్తంలో వైరస్ కనబడకపోయినా తెల్లబట్టలో ఉంటుందా?

మీకు హెచ్ఐవీ ఉంది, రెండేళ్లుగా టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన హెచ్ఐవీ మాత్ర) వాడుతున్నారు. మొన్నటి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనబడలేదు అని వచ్చింది. మీవారికి హెచ్ఐవీ లేదు. నెల రోజులుగా తెల్లబట్ట అవుతోంది, రక్తంలో లేకపోయినా అందులో వైరస్ ఉంటుందని ఎవరో అన్నారు, అప్పట్నించి ఆయన్ని దగ్గరికి రానివ్వట్లేదు. ఇదీ మీ ప్రశ్న.

ముందు ఆ భయం సంగతి. వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 200 కాపీల లోపే నిలకడగా ఉన్నవాళ్ల నుంచి కలయిక వల్ల భాగస్వామికి హెచ్ఐవీ సోకదు. 2016లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో ఒకరికి ఉండి మరొకరికి లేని జంటలు 888. వాళ్లు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిశారు. కొత్తగా సోకింది పదకొండు మందికి. వైరస్ జన్యువులు పోల్చి చూస్తే అందులో ఒక్కటి కూడా ఇంట్లో భాగస్వామి నుంచి వచ్చింది కాదు.

అలాగని మీరు విన్నదీ అబద్ధం కాదు. మందులు సక్రమంగా వాడుతున్నా కొందరు స్త్రీల స్రావాల్లో అప్పుడప్పుడూ వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) కొద్దిగా కనబడుతుంది. అయితే ఇది పరిశోధనల కోసం చేసే పరీక్ష. గర్భాశయ ముఖద్వారాన్ని 10 మి.లీ. సెలైన్‌తో కడిగి ఆ నీళ్లు పట్టుకుంటారు, లేదా దూదిపుల్లతో స్వాబ్ తీస్తారు. ఆ నీళ్లలో అసలు స్రావం ఎంత పల్చబడిందో తేల్చడం కష్టం. నెలసరి రక్తం కాస్త కలిసినా లెక్క తారుమారవుతుంది. పైగా మిషన్ లెక్కపెట్టేది ఆర్‌ఎన్‌ఏని. సోకించే శక్తి ఉన్న వైరస్ ఎంతో అది చెప్పలేదు. ఎవరైనా డబ్బు తీసుకుని ఈ పరీక్ష చేస్తామంటే వద్దనండి, దాని ఫలితాన్ని బట్టి మార్చే మందేమీ లేదు.

అక్కడ వైరస్ ఎందుకు కనబడుతుందంటే, ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి తెల్లరక్తకణాలు గుంపుగా చేరతాయి. హెచ్ఐవీ దాక్కునేది ఆ కణాల్లోనే. హెర్పిస్ పుండ్లు, గనేరియా, ట్రైకోమోనాస్, బాక్టీరియల్ వజైనోసిస్, అన్నిటిదీ ఇదే దారి. కాబట్టి తెల్లబట్టకు వైద్యం చేయించుకోవాలి, సిగ్గుపడి దాచుకోకండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు, సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, మందులు ఉచితం. పెరుగు తరకల్లా పడుతూ దురద ఉంటే ఫంగస్ అయ్యుండొచ్చు. పల్చగా, బూడిద రంగులో, చేపవాసన వస్తే వజైనోసిస్. పచ్చగా నురగలా ఉంటే ట్రైకోమోనాస్. వీటికి ఆకుపచ్చ కిట్ (మందుల ప్యాకెట్) ఇస్తారు: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 మి.గ్రా. స్పెక్యులమ్ (యోనిని తెరిచి లోపల చూసే సాధనం) పెట్టి చూసినప్పుడు ముఖద్వారం దగ్గర చీము కనబడితే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మి.గ్రా. అందుకే పరీక్ష చేయకుండా చీటీ రాసిస్తే ఒప్పుకోకండి. గర్భం ఉందన్న అనుమానం ఉంటే ముందే చెప్పండి, ఫ్లుకోనజోల్ ఇవ్వకూడదు. ట్రైకోమోనాస్ అయితే మీవారూ మందు వేసుకోవాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. హెచ్ఐవీ ఉన్న స్త్రీలలో దానికి ఒక్క మోతాదు కన్నా మెట్రోనిడజోల్ ఏడు రోజుల కోర్సు బాగా పనిచేస్తుంది, తగ్గకపోతే ఆ మాట డాక్టర్‌ను అడగండి. కోర్సు పూర్తయ్యేదాకా కండోమ్ వాడండి, అది ఆ సుఖవ్యాధి కోసం. లోపల సబ్బుతో గానీ డెట్టాల్ నీళ్లతో గానీ కడగొద్దు, కాపాడే బాక్టీరియా పోయి తెల్లబట్ట ఇంకా ఎక్కువవుతుంది.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మాత్ర మానేయడం మొదటిది. రెండోది చాలామందికి తెలియనిది: ఐరన్, కాల్షియం గోలీలు. పరగడుపున టీఎల్‌డీతో కలిపి మింగితే అందులోని డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. అన్నం తిన్న వెంటనే అయితే కలిపి వేసుకోవచ్చు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్‌కు మాత్రం ఆ వెసులుబాటు లేదు, టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి, ముందు తాగితే ఆరు గంటలు ఆగాలి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రెండో పూట కూడా కావాలి.

గర్భాశయ ముఖద్వారానికి క్రయోథెరపీ (గడ్డకట్టించి చెడు కణాలు తీసేయడం), లీప్ (కరెంటు తీగతో కోసి తీసేయడం) లాంటివి చేయించుకుంటే పుండు మానేదాకా, అంటే నెల రోజులు, కలవకుండా ఉండండి. పాలిచ్చే తల్లుల సంగతి వేరు. వైరల్ లోడ్ కనబడకపోయినా పాల ద్వారా సోకే ప్రమాదం పూర్తిగా సున్నా కాదు, బిడ్డ మందుల గురించి ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్ఐవీ మందులిచ్చే చోట) విడిగా అడగాలి.