సెలినిటీ 5 ఉన్నా రొయ్య ఎందుకు వంకర పోతోంది?

ప్రశ్న: మాది మూడెకరాల వనామి రొయ్యల చెరువు. బోరు నీళ్లు, నాలుగడుగుల లోతు. పిల్ల వదిలి 45 రోజులైంది. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పైకి తీయగానే కొన్ని రొయ్యలు నడుం వంగిపోతున్నాయి, కండ తెల్లబడుతోంది, మళ్లీ నిటారుగా రావడం లేదు. రోజూ కొన్ని చస్తున్నాయి. సెలినిటీ (నీటి ఉప్పదనం) 5 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 5 గ్రాముల లవణాలు. ల్యాబ్ రిపోర్టులో లీటరుకు సోడియం 1,500, పొటాషియం 18 మిల్లీగ్రాములని వచ్చింది. పక్క చెరువాయన కల్లుప్పు చల్లమంటున్నాడు. చల్లమంటారా?
– ఒక రైతు, భీమవరం ప్రాంతం

జవాబు: ఉప్పు చల్లకండి. మీ చెరువులో సోడియం కావలసినంత ఉంది. లోటంతా పొటాషియంలోనే.

రిఫ్రాక్టోమీటర్ మొత్తం ఉప్పదనాన్నే చూపిస్తుంది. అందులో ఏ లవణం ఎంత ఉందో దానికి తెలియదు. సముద్రపు నీటిలో ఒక పాలు పొటాషియానికి దాదాపు 28 పాళ్ల సోడియం ఉంటుంది. మీ నీటిలో 83 పాళ్లుంది. కల్లుప్పు వేస్తే సెలినిటీ అంకె పెరిగి మీకు ధైర్యంగా ఉంటుందేమో గానీ, ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇంతకీ పొటాషియం లేకపోతే కండ ఎందుకు బిగుస్తుంది? సోడియం, పొటాషియం నీటిలో ధన విద్యుదావేశంతో తిరుగుతుంటాయి. జీవకణం చుట్టూ ఉన్న పొర సన్నటి నూనె పొర లాంటిది, ఆవేశం ఉన్నవి దాన్ని వాటంతట అవి దాటలేవు. అందుకే పొరలో ఒక పంపు ఉంటుంది. అది ఒక్కసారి తిరిగితే 3 సోడియం బయటికి, 2 పొటాషియం లోపలికి పోతాయి. మూడు పోయి రెండే రావడం వల్లా, లోపలి పొటాషియం కొంత పొరలోని సన్నటి దారుల గుండా మళ్లీ బయటికి కారడం వల్లా కణం లోపలి వైపు రుణావేశం నిలుస్తుంది. నరం, కండరం పనిచేసేది ఈ తేడా మీదే. అది చెడితే బిగుసుకున్న కండ సరిగా సడలదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో ఈ పంపును బయటపెట్టింది పీత కాళ్ల నరాల్లో. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. పీత అంటే మన రొయ్యకు చుట్టమేగా!

నీటికి సొంతంగా ఆవేశం లేదు, ఉప్పెక్కువ ఉన్న వైపుకు నడుస్తుంది. ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరేది అందుకే. 5 పీపీటీ నీటి కంటే రొయ్య రక్తంలోనే ఉప్పెక్కువ. కాబట్టి మొప్పల గుండా నీరు రాత్రీ పగలూ లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి పంపేటప్పుడు లవణాలూ పోతాయి. పోయినవాటిని మొప్పల్లోని పంపులు మళ్లీ లాక్కోవాలి. పొటాషియం లేకపోతే పంపు నడవదు. మేత మీద పెట్టిన ఖర్చంతా ఒంట్లో ఉప్పు నిలుపుకోవడానికే పోతుంది. పెరుగుదల ఆగడం, కుబుసం విడిచాక గుల్ల గట్టిపడకపోవడం కూడా కనిపించవచ్చు.

ఇక లెక్క. సముద్రపు నీటి నిష్పత్తి ప్రకారం 5 పీపీటీకి లీటరుకు సుమారు 53 మిల్లీగ్రాముల పొటాషియం ఉండాలి. మీకు 35 తక్కువ. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్ ఎరువు)లో సగం పొటాషియమే. నాలుగడుగుల లోతున్న ఎకరానికి 1 మిల్లీగ్రాము పెంచాలంటే 10 కిలోలు పడుతుంది. అంటే ఎకరానికి 350 కిలోలు, 50 కిలోల బస్తాలు ఏడు. ఒకేసారి పోయకండి. ఎకరానికి బస్తా, బస్తాన్నర చొప్పున నీళ్లలో కరిగించి, మూడేసి రోజుల ఎడంతో ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా చల్లండి. నల్లరేగడి అడుగైతే ఇంకో చిక్కు. బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది, అవి పొటాషియాన్ని పట్టేసుకుంటాయి. కాబట్టి చివరి విడత వేసిన వారానికి నీటిని మళ్లీ పరీక్ష చేయించండి, తగ్గితే తగ్గినంతే వేయండి.

మెగ్నీషియం కూడా పరీక్ష చేయించండి, ఈ సెలినిటీకి లీటరుకు సుమారు 195 మిల్లీగ్రాములు కావాలి. మేతలో మినరల్ మిక్స్ కలపడం మంచిదే గానీ, నీటిలో లోటును అది పూడ్చలేదు.

కండ తెల్లబడటానికి ఆక్సిజన్ తగ్గడం, కండను దెబ్బతీసే ఐఎంఎన్‌వీ అనే వైరస్ కూడా కారణం కావచ్చు. తోక ఎర్రబడి చస్తుంటే పొటాష్ కోసం ఎదురు చూడకుండా పీసీఆర్ (రోగక్రిమిని గుర్తించే ల్యాబ్ పరీక్ష) చేయించండి. ఈలోగా మధ్యాహ్నం ఎండలో విసురు వల వేయకండి. బలహీనంగా ఉన్న రొయ్య ఆ కుదుపుకే బిగుసుకుపోతుంది.