క్లాస్ వాట్సాప్ గ్రూపులో మా అబ్బాయిని ఏడిపిస్తున్నారు, స్కూల్ వాళ్ళేమో సరదా అంటున్నారు. ఏం చెయ్యాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. 7వ తరగతి పిల్లాడు, స్కూల్ బస్సులో వాంతి చేసుకుంటే పక్క సీటువాడు ఫొటో తీసి స్టిక్కర్ చేశాడు, నెల రోజుల్నుంచి బాబు గ్రూపులో హోంవర్క్ అడిగినా సరే కింద అదే స్టిక్కర్ వరసగా పడుతోంది, పటమటలో మీ వీధి పిల్లలక్కూడా చేరిపోయింది, ప్రిన్సిపల్ని అడిగితే పిల్లలు సరదాకి చేసుకుంటారు లెండి మేడమ్ అన్నారు, మీవారేమో ఆ పిల్లాడి ఇంటికెళ్ళి తేల్చేస్తానంటున్నారు. ముందు మీవారిని రెండు రోజులు ఆపండి. మూడేళ్ళ కింద నేను చేసింది సరిగ్గా అదే పని, అందుకే చెప్తున్నా.

మాది గుంటూరు, బ్రాడీపేటలో జిరాక్స్, డీటీపీ షాపు. మా పాపకి చిన్నప్పట్నుంచీ కాస్త నత్తి. ఇంట్లో మాతో గలగలా మాట్లాడుద్ది, నలుగురిలో నిలబెట్టి చెప్పమంటే మటుకు ప, బ దగ్గర ఆగిపోద్ది. 8వ తరగతిలో ఉండగా పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలెట్టింది, రోజూ కూడా కాదు, తర్వాత లెక్కేసుకుంటే మొదటి పీరియడ్ తెలుగు ఉన్న రోజుల్లోనే. క్యారేజీ మూత తియ్యకుండా వెనక్కొచ్చేది. బండి మీద దింపితే గేటు దాకా వద్దు నాన్నా ఆ సందు చివర ఆపు అనేది, పెద్దదవుతోంది కదా నాన్న పాత బండి దిగడం నామోషీగా ఉందేమోలే అని మేమే ఏదో ఒకటి అనుకుని సరిపెట్టుకున్నాం.

ఒకరోజు సాయంత్రం ఇద్దరు పిల్లలు సైన్స్ రికార్డు జిరాక్స్‌కి వచ్చారు, మా పాప స్కూల్ యూనిఫామే. నేను పేజీలు పెడుతున్నా, ఒకడి ఫోన్ మోగింది. ఏదో డీజే బీటు, మధ్యలో ఆడపిల్ల గొంతు, పద్యం మొదటి మాట దగ్గరే ఆగి అదే అక్షరం మళ్ళీ మళ్ళీ, ఆ ఆగడానికి సరిపోయేట్టు డప్పు కొట్టారు. రెండో రౌండ్ తిరిగేసరికి తెలిసింది అది మా పాప గొంతని. మిషన్‌లోంచి కాగితాలు వస్తానే ఉన్నాయి, ట్రే నిండి కింద పడుతున్నా నాకు చెయ్యి ఆడలేదు.

క్లాసులో పద్యం అప్పజెప్తుంటే ఎవడో బల్ల కింద ఫోన్ పెట్టి రికార్డ్ చేశాడు. స్కూల్లోకి ఫోన్లు తేకూడదనే రూలు ఉంది, గోడ మీద రాసి కూడా ఉంది, అది వేరే సంగతి.

నేనేం చేశానంటే ఆ పిల్లాడి చొక్కా పట్టుకున్నా. ఫోన్ ఇటివ్వరా అని అరిస్తే వాడు భయపడి నా కళ్ళ ముందే డిలీట్ కొట్టేశాడు, "నేను చెయ్యలేదంకుల్, గ్రూపులో వచ్చింది" అని ఏడుపు. నిజమే చెప్పాడు పాపం. చేసినవాడి పేరు చెప్పాడు, షట్టర్ సగం దించి అట్నుంచి అటే వాళ్ళింటికి పోయాను. వాళ్ళ నాన్న గుమ్మంలోనే నిలబడి "మీ అమ్మాయికి నత్తి ఉంటే మావాడేం చేస్తాడండీ" అన్నాడు, ఆ మాటకి నాకు ఒళ్ళు తెలియలేదు, నేనూ నోరు జారాను, వీధంతా బయటికొచ్చి చూసింది. తెల్లారేసరికి క్లాసులో మా పాపకి నత్తి పేరుకి తోడు రౌడీ కూతురు అనే పేరు కూడా వచ్చింది. చేతిలో ఆధారం లేదు, గొడవ మాత్రం మిగిలింది.

ఇంట్లో ఇంకో తప్పు చేశాను. ఆ రాత్రే పాప ఫోన్ తీసి బీరువాలో పెట్టి ఇంక ఫోనే వద్దు పో అన్నాను. అది చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇందుకే నాన్నా మీకు చెప్పంది" అంది. ఆ మాట ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగకుండా అంది. అంటే ఏడిపించింది వాళ్ళు, ఫోన్ పోయింది దానిది, ఫ్రెండ్స్ పోయింది దానికి. మీ అబ్బాయి ఫోన్ లాక్కోకండి అని అందరూ చెప్తారు, ఎందుకో నేను చెప్తున్నా, లాక్కుంటే ఇంకోసారి ఏదన్నా జరిగితే మీకు చెప్పడు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ముందు గ్రూపులోంచి ఎగ్జిట్ అవ్వొద్దు, మ్యూట్‌లో పెట్టి ఉన్నవన్నీ దాచుకోండి, ఇవ్వాళే, ఎందుకంటే వాట్సాప్‌లో పెట్టినవాడు రెండున్నర రోజుల దాకా అందరికీ డిలీట్ చెయ్యగలడు. స్క్రీన్‌షాట్లు తియ్యడం అందరికీ వచ్చు అనుకుంటారు, నా దగ్గరికి ప్రింట్‌కి తెచ్చేవాటిలో సగం పనికిరావు. అందంగా ఉండాలని పైనా కిందా క్రాప్ చేసి తెస్తారు, దాంతో గ్రూపు పేరు, తేదీ, టైము పోతాయి. క్రాప్ చెయ్యొద్దు. ఇంకోటి, నంబర్ సేవ్ అయి ఉంటే స్క్రీన్‌షాట్‌లో "బన్ను" అనో "చింటూ 7బి" అనో పడుద్ది, ఆ బన్ను ఎవరో రేపు ఎవరికి తెలుసు, కాబట్టి పేరు మీద నొక్కి నంబర్ కనపడే పేజీ కూడా ఒకటి తీసుకోండి. చాట్ మొత్తాన్ని ఫైల్‌గా ఇచ్చే ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, అది కొట్టి మీ మెయిల్‌కి పంపుకోండి. ఆడియో, వీడియో వస్తే పేరు మార్చకుండా ఉంచండి, వాట్సాప్ ఇచ్చే ఫైల్ పేరులోనే తేదీ ఉంటుంది. ఇవన్నీ అయ్యాక అప్పుడు బయటికి రావచ్చు. మా పాప కేసులో వేరే అమ్మాయి ఫోన్‌లో ఆ ఆడియో ఉండబట్టి బతికిపోయాం.

స్కూల్‌కి నోటితో చెప్పింది చెప్పినట్టు కాదండి. రోజుకి పది అర్జీలు టైప్ చేసేవాణ్ణి, నా సొంత విషయానికొచ్చేసరికి రెండుసార్లు ఊరికే వెళ్ళి మాట్లాడి వచ్చాను చూడండి. మూడోసారి కాగితం పట్టుకెళ్ళాను. ఒకటిన్నర పేజీ, ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు, మాకు ఏం కావాలి. రెండు కాపీలు, ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద స్కూల్ స్టాంపు, తేదీ, సంతకం. ఆఫీసులో అమ్మాయి స్టాంపు వెయ్యడానికి జంకి లోపలికెళ్ళి అడిగొచ్చింది, ఆ తర్వాతే ప్రిన్సిపల్ గారు కుర్చీ చూపించారు.

ఆ సరదా అనే మాటకి కూడా లెటర్లోనే జవాబు రాశాను. బీఈడీ పిల్లలు ప్రాజెక్టులు టైపింగ్‌కి ఇస్తుంటారు కదా, ఒకదాంట్లో నార్వేలో స్థిరపడిన డాన్ ఓల్వియస్ అని 1970ల నుంచి పిల్లలు తోటి పిల్లల్ని ఏడిపించడం (బుల్లీయింగ్) మీదే పని చేసిన ఆయన గురించి ఉంది, ఆయన చెప్పే గుర్తులు మూడు, కావాలని బాధపెట్టడం, పదేపదే చెయ్యడం, అవతలివాడు తిరిగి ఏమీ చెయ్యలేని స్థితిలో ఉండటం. మీ బాబు విషయంలో మూడూ ఉన్నాయి. నెల రోజులు, ఒకడి మీద ఇరవై మంది, ఇంక సరదా ఎక్కడుంది.

చట్టం కూడా ఒక లైను రాయండి. ర్యాగింగ్ అంటే కాలేజీల్లోనే అనుకుంటాం గానీ మన రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం చదువు చెప్పే సంస్థలన్నిటికీ, హాస్టళ్ళకి కూడా వర్తిస్తుంది, అవమానించడం, భయపెట్టడం దాంట్లోకి వస్తాయి, కంప్లైంట్ వచ్చాక కూడా ఊరుకున్న హెడ్‌ని ప్రేరేపించినవాడి కిందే లెక్కేస్తారు. ఈ చివరి ముక్క చదివాకే మా ప్రిన్సిపల్ గారు కళ్ళజోడు తీశారు. మీది సీబీఎస్ఈ అయితే ఇంకా తేలిక, యాంటీ బుల్లీయింగ్ కమిటీ పెట్టాలని 2015లోనే బోర్డు స్కూళ్ళకి చెప్పింది, మీ కమిటీలో ఎవరెవరున్నారండీ అని అడగండి చాలు. అప్పటికీ కదలకపోతే అదే లెటర్ కాపీ ఎంఈవోకి, డీఈవోకి.

అయితే స్కూల్ కదిలితే సరిపోదు, ఎలా కదులుద్దో కూడా చూసుకోవాలి. మా దగ్గర ఏం చేశారంటే సోమవారం అసెంబ్లీలో ఐదుగుర్ని స్టేజీ ఎక్కించి మా పాపని కూడా పిలిచి ఆరు వందల మంది ముందు సారీ చెప్పించారు. గొప్ప న్యాయం చేశాం అన్నట్టు నాకు ఫోన్ కూడా చేశారు. ఆ సాయంత్రానికి సారీ చెప్తూ వంగిన ఫొటోతో కొత్త స్టిక్కర్ వచ్చింది. 9, 10 తరగతుల వాళ్ళకి అప్పటిదాకా మా పాప ఎవరో కూడా తెలీదు, ఆ రోజుతో తెలిసిపోయింది. అందుకే మీ లెటర్లో ముందే రాయండి, అసెంబ్లీలో గానీ క్లాసులో గానీ మా అబ్బాయిని నిలబెట్టొద్దు, ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చెయ్యొద్దు అని.

చివరికి పని చేసింది తెలుగు మేడమ్. ఆవిడ క్లాసులో ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కొక్కణ్ణి విడిగా లంచ్ టైంలో స్టాఫ్ రూమ్‌కి పిలిచింది, గుంపుగా కాదు, గుంపుగా ఉంటే ఒకళ్ళని చూసి ఒకళ్ళు నవ్వుకుంటారు అంది. "నువ్వు చేశావా" అని అడగలేదంట, "ఆ పిల్ల అన్నం తినట్లేదు, నువ్వేం చెయ్యగలవు చెప్పు" అని అడిగిందంట. ఒకడు ఫోన్‌లో తీసేస్తానన్నాడు, ఒకడు గ్రూపు మూసేస్తానన్నాడు. ముఖ్యంగా ఆవిడ పట్టుకుంది చేసినవాళ్ళని కాదు, ఫార్వర్డ్ చెయ్యకుండా, అడ్డుకోకుండా ఊరికే నవ్వు ఎమోజీ పెట్టిన పిల్లల్ని. ఇద్దరు అమ్మాయిల్ని పిలిచి మీరేం గొడవ పడక్కర్లేదు, లంచ్‌లో దాని పక్కన కూర్చోండి చాలు అంది. ఫిన్లాండ్ స్కూళ్ళలో కివా అనే పద్ధతి ఉందంట, దాంట్లో కూడా గురి ఈ చూసేవాళ్ళ మీదే అని తర్వాత తెలిసింది, మేడమ్‌కి ఆ పేరు కూడా తెలీదు. పద్యాలు అప్పజెప్పడం మాత్రం మాన్పించలేదు, కొన్నాళ్ళు ఒంటరిగా కాకుండా ఇద్దరిద్దరితో కలిపి చెప్పించింది. కలిసి చెప్తే మా పాపకి నత్తి రాదు, అది మాకే తెలీదు. తర్వాత స్పీచ్ థెరపిస్ట్‌కి చూపిస్తే చాలామందికి అంతేనండీ అన్నారు.

మీ స్కూల్లో అలాంటి టీచర్ ఒకరన్నా ఉంటారు, బాబుని అడగండి ఏ టీచర్ అంటే ఇష్టం అని, లెటర్ ప్రిన్సిపల్‌కి ఇచ్చినా మాట్లాడాల్సింది వాళ్ళతో.

పోలీసుల సంగతి. స్టిక్కర్ మీద ఐటీ చట్టం కేసు అంటే అంత తేలిక కాదు. ఇప్పటికీ కొంతమంది ఆన్‌లైన్‌లో నొప్పించే మెసేజ్‌ల మీద ఉన్న 66ఏ సెక్షన్ కింద కంప్లైంట్ కొట్టిపెట్టమని షాపుకొస్తారు, ఆ సెక్షన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పైగా 18 లోపు పిల్లలైతే చిన్న నేరాలకి ఎఫ్ఐఆర్ కూడా కట్టరు, డైరీలో రాసుకుని పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డుకి పంపిస్తారు. కానీ బాబు పేరుతో ఫేక్ అకౌంట్ తెరిచినా, బెదిరించినా, డబ్బులడిగినా, ఫొటో మార్ఫింగ్ చేసినా ఆలోచించకండి, సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో కంప్లైంట్ పెట్టండి, చైల్డ్‌లైన్ 1098 కూడా ఉంది. ఫేక్ అకౌంట్, మార్ఫింగ్ లాంటివి బాధితుడు కంప్లైంట్ ఇస్తే 24 గంటల్లో తీసెయ్యాలని 2021 ఐటీ రూల్స్‌లో పెట్టారు, 2026లో దాన్ని రెండు గంటలకి తగ్గించారు, యాప్‌లోనే రిపోర్ట్ కొట్టి వదిలెయ్యకుండా ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి.

ఒక్క విషయంలో మటుకు నా మాట వినండి. ఎప్పుడైనా పిల్లల బట్టల్లేని ఫొటో, నిజందైనా మార్ఫింగ్‌దైనా, బయటికొస్తే దాన్ని ఆధారం అని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకూడదు. పోయినేడు ఒకాయన కూతురి మార్ఫింగ్ ఫొటో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కంప్లైంట్‌కి జత చెయ్యడానికి నాలుగు కలర్ ప్రింట్లు అన్నాడు. చేతులు వణుకుతున్నాయి ఆయనకి. వద్దండి, పిల్లల అశ్లీల ఫొటోల మీద ఐటీ చట్టం 67బి, పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం రెండూ ఉన్నాయి, కాపీలు తియ్యడమే నేరం అని చెప్పి లింకు, అకౌంట్ పేరు, టైము మాత్రం కాగితం మీద రాయించి ఫోన్ తీసుకుని నేరుగా సైబర్ స్టేషన్‌కి పంపించాను. టేక్ ఇట్ డౌన్ అని 18 లోపు వాళ్ళ కోసమే ఒక సర్వీసు ఉంది, ఫొటో మన ఫోన్ దాటి వెళ్ళదు, దాని వేలిముద్ర లాంటి కోడ్ మాత్రం వెళ్తుంది, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివి ఆ కోడ్‌తో పట్టుకుని తీసేస్తాయి.

బాబు తిండి, నిద్ర తగ్గితే, లేదా నేనుండి ఏం లాభం లాంటి మాట ఒక్కసారి అన్నా 14416కి చెయ్యండి, టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా ఆవిడ పాప కోసం చేసి అరగంట తనే ఏడ్చింది.

మా పాప ఇప్పుడు ఇంటర్. ఆ రీమిక్స్ చేసినవాడు మా సందులోనే ఎదురవుతుంటాడు, మా పాపతో మాట్లాడడు, మాట్లాడాల్సిన పనీ లేదు. వాళ్ళ నాన్నా నేనూ తలలు తిప్పుకుంటాం.

మీవారికి ఈ ఆదివారం పని చెప్పండి, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని లెటర్ రాయమనండి. ఏ రోజు ఏం జరిగిందో మీకు తెలీకపోవచ్చు, వాడిని అడగండి, తేదీలతో సహా వాడికి గుర్తుంటాయి.