వచ్చే తేదీ కంటే ముందు వెళ్లే తేదీ చెప్పు

చిట్టితల్లీ,

నీ జర్మనీ ప్లాను చూశాను. పదమూడు రోజులు, ఏడు ఊళ్లు, ఏడు ఇళ్లు. ఇద్దరు పిల్లలు, మీ ఆయన, మామగారు, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు, వీళ్లందరి సామానూ నువ్వూ. చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. మీ పెదనాన్న కళ్లజోడు పైకి తోసి "ఇది చుట్టపుచూపా, ఎన్నికల ప్రచారమా?" అన్నారు.

ఏడింట్లో మూడు కొట్టెయ్. ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్, బెర్లిన్, డ్యూసెల్‌డార్ఫ్ ఉంచు. మ్యూనిక్‌లో ఉన్న మీ ఆయన స్నేహితుణ్ని ఒక శనివారం స్టుట్‌గార్ట్‌కి రమ్మను. రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఒకడు ఎక్కి రావడం తేలికా, ఆరుగురు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లడం తేలికా?

ఇక అసలు మాట. ఎవరికి ఫోన్ చేసినా, ఎప్పుడు వస్తున్నారో చెప్పే ముందు ఎప్పుడు వెళ్లిపోతారో చెప్పు. "మంగళవారం పొద్దున్న పది గంటల రైలుకి టికెట్లు కొనేశాం అత్తయ్యా" అను. మన ఊళ్లో ఇలా అంటే "ఇంకా రాకుండానే పోయే మాటలేంటే" అని నొచ్చుకుంటారు. అక్కడ మనవాళ్లు పైకి అదే మాట అంటారు, లోపల ఊపిరి పీల్చుకుంటారు. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉద్యోగాలు. సెలవులు సంవత్సరం మొదట్లోనే రాసిచ్చేస్తారు. పనిమనిషి ఉండదు. "ఎన్నాళ్లుంటారు?" అని నోరు తెరిచి అడగలేరు పాపం, మనవాళ్లు కదా. ఆ ప్రశ్న వాళ్ల నోట రాకుండా చూసుకోవడం మన వంతు.

ఇంకో సంగతి. "మాది త్రీ రూమ్ ఫ్లాటే, వచ్చేయండి" అంటారు. జర్మనీ లెక్కలో హాలు కూడా ఒక రూమే. అంటే రెండు బెడ్‌రూములూ, ఒక హాలూ, చాలా ఇళ్లలో ఒకటే బాత్‌రూమూ. వాళ్లు నలుగురు, మీరు ఆరుగురు. అందుకని ఆ వీధిలోనో పక్క వీధిలోనో రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాటు తీసుకో. ఫెరియెన్‌వోనుంగ్ అంటారు, వంటిల్లు కూడా ఉంటుంది. పగలంతా వాళ్లింట్లో ఉండండి, రాత్రి పడకకి మాత్రం మీ చోటికి వచ్చేయండి. అలుగుతారు, తెలుసు. "మామయ్యగారు రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు, మీకు నిద్ర ఉండదు" అని చెప్పు. మామయ్యగారి పర్మిషన్ మాత్రం ముందే తీసుకో.

వాళ్లింట్లో ఉన్నంతసేపూ బాత్‌రూమ్ జాగ్రత్త. షవర్ తొట్టి బయట నేల మీద నీళ్లు పోయకూడదు. చాలా ఇళ్లలో అక్కడ నీళ్లు పోయే తూము ఉండదు. మా బంధువు ఒకాయన అలవాటుకొద్దీ చెంబుతో కాళ్లు కడుక్కుంటే, సాయంత్రానికి కింది ఇంటావిడ వచ్చి తలుపు కొట్టింది. వాళ్ల సీలింగు మీద మరక. ఇంటి ఓనరు, ఇన్సూరెన్సు, ఉత్తరాలు... ఆయన హైదరాబాద్ వచ్చేసిన మూడు నెలలకి గానీ ఆ వ్యవహారం తేలలేదు. మీ అత్తగారికి ఇది రెండుసార్లు చెప్పు.

పోపు పెట్టే ముందు కిటికీ తెరువు. గదుల్లో పొగ పసిగట్టే అలారాలు తప్పనిసరిగా ఉంటాయి, ఎండుమిరపకాయకి కుయ్యిమంటాయి. రాత్రి పది దాటాక పిల్లల్ని పరిగెత్తనివ్వకు. మే, జూన్‌లలో తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది, పిల్లలు పడుకోమంటే పడుకోరు. కర్టెన్లు వేసి చీకటి చెయ్. చెత్త ఏ డబ్బాలో వేయాలో అడగకుండా వేయొద్దు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకు. చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్, సూపర్ మార్కెట్‌లో మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. ఆ పని పిల్లలకి అప్పగించావంటే ఐస్‌క్రీం ఖర్చు వాళ్లే సంపాదించుకుంటారు.

ఆదివారం షాపులుండవు. మీరు వెళ్లేది మే నెల, పైగా పండగ సెలవులు కూడా వరసగా వస్తాయి. శనివారమే పాలూ కూరగాయలూ తెచ్చి పెట్టుకోండి. ఒక పూట వంట నువ్వు చెయ్. అడక్కు, "రేపు రాత్రి వంట నాది" అని చెప్పెయ్. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చాలు. వాళ్లకి నువ్విచ్చే పెద్ద బహుమతి అదే.

రైళ్ల విషయం మీ ఆయనకి చదివి వినిపించు. మేం అక్కడున్న రోజుల్లో జర్మన్ రైలుని చూసి గడియారం సరిచేసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ రోజులు లేవు. రైలు మారాల్సిన చోట కనీసం నలభై నిమిషాలు వ్యవధి పెట్టుకోండి. చవక టికెట్ అదే రైలుకి కట్టుబడి ఉంటుంది. అయితే దిగే ఊరికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యం అవుతుందని తేలితే, వేరే రైలెక్కొచ్చు. గంట ఆలస్యమైతే టికెట్ డబ్బులో పావు వంతు, రెండు గంటలైతే సగం వెనక్కిస్తారు. దూరపు రైళ్లలో 15 ఏళ్లు నిండని పిల్లలకి పెద్దవాళ్లతో ఉంటే డబ్బులక్కర్లేదు. ఆరేళ్లు దాటిన మీ పెద్దాడి సంగతి మాత్రం టికెట్ కొనేటప్పుడే అందులో చేర్చాలి. సీట్లు విడిగా రిజర్వు చేయించుకోవాలి, లేకపోతే మీ అత్తగారు బెర్లిన్ దాకా నిలబడాల్సి వస్తుంది.

బెర్లిన్ నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వచ్చేటప్పుడు ఇంకో తిరకాసు. ఆ దారిలో చాలా రైళ్లు హామ్ స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. ఒక ముక్క డార్ట్‌మండ్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్ వైపు, రెండోది వుప్పర్‌టాల్ మీదుగా కొలోన్‌కి. పెట్టె నంబరు చూసుకుని ఎక్కండి. మీ పెదనాన్న ఒకసారి రైలు ఆగినప్పుడు దిగి కాఫీ కోసం ముందు పెట్టెలోకి వెళ్లి మాట్లాడుతూ కూర్చుండిపోయారు. నేనూ సూట్‌కేసులూ ఒక ఊరు చేరాం, ఆయనా కాఫీ కప్పూ ఇంకో ఊరు చేరారు. ఇంకా ఒప్పుకోరు తన తప్పని.

స్టుట్‌గార్ట్ స్టేషన్‌లో 2010లో మొదలైన కట్టుబడి పని ఏళ్ల తరబడి సాగుతోంది. ప్లాట్‌ఫామ్ దాకా చాలా దూరం నడక. అరగంట ముందుండండి. నెలంతా తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ (2026లో 63 యూరోలు) కొనమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది ఐసీఈ లాంటి వేగం బళ్లకి పనికిరాదు, సిటీ బస్సులకీ ట్రాములకీ ప్యాసింజర్ రైళ్లకీ మాత్రమే. పైగా చందా పద్ధతి. పదో తారీఖు లోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా లాగేస్తుంది. మీ పదమూడు రోజులకి అక్కర్లేదు.

ఇప్పుడు మా పాత స్నేహితుల దగ్గరికి వద్దాం. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

జర్మన్ ఇంటికి పిలుపు అంటే మూడింటికి కాఫీ, కేకు. మూడంటే మూడే. ఐదింటికల్లా లేవాలి. ఎంతమంది అని చెబితే అంతమందే. 2014లో మేం స్టుట్‌గార్ట్ వెళ్లినప్పుడు, ఎనభైల్లో మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ ఆదివారం కాఫీకి పిలిచింది. మేమిద్దరం, కొడుకూ కోడలూ, నలుగురం అని చెప్పాం. ఆ పొద్దున్నే పక్క ఊరి నుంచి మా ఆడపడుచు కొడుకు పిల్లాపాపలతో దిగాడు, ఐదుగురు. ఇంటికొచ్చిన వాళ్లని వదిలేసి ఎలా వెళ్తాం? "అందరం కలిసి వెళ్దాం, ఆవిడ ఎంత సంతోషిస్తుందో" అన్నారు మీ పెదనాన్న. మూడూ నలభైకి తొమ్మిదిమందిమి గుమ్మంలో నిలబడ్డాం.

బల్ల మీద ఆరు పళ్లేలు, ఆరు కప్పులు, ఆరు మడత రుమాళ్లు. మధ్యలో స్ట్రాబెరీ కేకు, పన్నెండు ముక్కలుగా గీతలు పెట్టి. ఆవిడ ఒక్క మాటనలేదు. లోపలికెళ్లి వేరే రకం పళ్లేలు ఐదు తెచ్చింది. పెద్దాయన తన కుర్చీ మా ఆడపడుచు కోడలికిచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. పిల్లలు రెండేసి ముక్కలు తిన్నారు. ఆవిడ పళ్లెం ఖాళీగా ఉండటం నేనొక్కదాన్నే చూశాను. దారిలో మావాళ్లు "ఎంత మర్యాదస్తులో" అని మెచ్చుకుంటుంటే నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా ఆవిడ మొదట అడిగేది ఒక్కటే, నవ్వుతూనే, "ఎంతమంది?" అని.

అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే. కేకు పళ్లెం చాపినప్పుడు మొహమాటానికి "వద్దులెండి" అన్నావనుకో, పళ్లెం పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. రెండోసారి బతిమాలరు. మీ మామగారు మూడోసారికి గానీ ఒప్పుకునే రకం, పస్తులుంటారు. "మాంసం తినం" అంటే అర్థం చేసుకుంటారు, "గుడ్డు కూడా తినం" అని విడిగా చెప్పాలి. మే నెలంటే తెల్ల ఆస్పరాగస్ కాలం, జూన్ 24తో అయిపోతుంది, ఎవరింటికెళ్లినా అదే వండుతారు. మీద పోసే పసుప్పచ్చ సాసులో గుడ్డు ఉంటుంది. కరిగించిన వెన్న చాలని చెప్పు. నిజం చెప్పొద్దూ, నాకా తెల్ల కాడలంటే ఇప్పటికీ సయించదు.

పువ్వులు తీసుకెళ్లు, కాగితం తీసేసి ఇవ్వు. ఆదివారమైనా పెద్ద స్టేషన్‌లో పూలకొట్టు ఉంటుంది. చామంతి మనకి శుభం, వాళ్లకి సమాధుల దగ్గర పెట్టే పువ్వు. బెర్లిన్ స్నేహితుడి పుట్టినరోజు మీరు అక్కణ్నుంచి బయల్దేరిన మర్నాడని రాశావు. ముందే శుభాకాంక్షలు చెప్పొద్దు, అపశకునం అనుకుంటారు. ఆ రోజే ఫోన్ చెయ్.

మనవాళ్లకి ఆవకాయ, కందిపొడి, జంతికలు తీసుకెళ్లు. నెయ్యి, కోవా, పచ్చి కరివేపాకు పెట్టొద్దు. పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తేనివ్వరు, ఆకులకి సర్టిఫికెట్ అడుగుతారు. ఏర్‌పోర్ట్‌లో చెత్తబుట్టలో పడేస్తుంటే చూడటం మహా బాధ. జర్మన్లకి అరకు కాఫీ పొడి, ఏటికొప్పాక బొమ్మలు. కొండపల్లి బొమ్మలు వద్దు, చేతులు విరుగుతాయి.

స్టుట్‌గార్ట్ ఆవిడ ఇప్పుడు వృద్ధుల హోమ్‌లో ఉంది. పెద్దాయన పోయారు. రాత్రి భోజనం అక్కడ ఆరింటికల్లా పెట్టేస్తారు కాబట్టి మూడింటికే వెళ్లండి. మీరు నలుగురే వెళ్లండి, అత్తగారినీ మామగారినీ ఆ పూట విశ్రాంతి తీసుకోనివ్వు. నా పేరు చెబితే ఆవిడకి గుర్తు రాకపోవచ్చు. ఆ ఊళ్లో మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది, వంతు వచ్చిన ఇంటి తలుపుకి ఒక చిన్న పలక వేలాడదీస్తారు. మా వంతు వచ్చిన మొదటివారం ఊడ్చి, నీళ్లు చల్లి, గుమ్మం ముందు ముగ్గేశాను. "మెట్ల మీద ముగ్గేసిన అమ్మాయి పంపింది" అని చెప్పు. ఏటికొప్పాక బొంగరం ఆవిడ చేతిలో పెట్టు.

మీ అత్తగారికి మెత్తటి బూట్లు ఇక్కడే కొని, నెలరోజులు తొడిగించి నడిపించు.

ఉంటాను,
పెద్దమ్మ